బడి ఊడ్చినామె పేరు

కిందటేడు బహ్రెయిన్ వెళ్లినప్పుడు, హిద్ నుంచి సీఫ్ పోయే బస్సులో నా పక్కన సత్యవతి కూర్చుంది. అమలాపురం దగ్గర పల్లె ఆమెది. ఒక ఇంగ్లిష్ ముసలావిడ ఇంట్లో వంట చేస్తోంది. ఆ ముసలావిడ ఇంగ్లండులోని తన ఊరి బడుల చరిత్ర రాస్తూ, రాసినదల్లా సత్యవతికి చదివి వినిపిస్తుందట.

"అన్నీ హెడ్మాస్టర్ల పేర్లేనండి. మరి బడి ఊడ్చిందెవరని అడిగేశాను. మా అమ్మ మా ఊరి బళ్లో ముప్పయ్యేళ్లు ఊడ్చింది. ఎక్కడా అమ్మ పేరు రాయలేదండి."

"పని పోతుందని భయం వేయలేదా?"

"పోతే పోనీ అనుకున్నాను. మూడ్రోజులు ఆవిడ రాసింది నాకు చదివి వినిపించలేదు. నాలుగో రోజు వాళ్ల ఊరి బడిది ఏదో పాత రిజిస్టరు నకలు తెచ్చి చూపించింది. ఊడ్చే మనిషి అని ఉందంట, పేరు లేదంట. నువ్వన్నదే నిజం, నాకే తట్టలేదు అందండి."

వంటమనిషి ముందు యజమానురాలు తప్పు ఒప్పుకోవడం నేనెక్కడా వినలేదు.

"ఇప్పుడు ఆ ఊళ్లో పెద్దోళ్లందరికీ ఉత్తరాలు రాస్తన్నామండి. పేరు దొరికేదాకా పుస్తకం అచ్చుకెళ్లదు."

"అలాగని ఆవిడ అన్నారా?"

"కాదండి," అంది సత్యవతి. "నేనన్నాను."