మసి తుడవని ఆకాశం

ఒకప్పటి మా పక్కింటి మామ పోయారు. సముద్రం అవతల ఉంజింటో ఊరి నుంచి అత్త ఫోన్ చేసి చెప్పింది. "పోయాడమ్మా మీ మామ. పొద్దున టీ తాగినాడు, కారు దాకా పోయినాడు, అక్కడే పడినాడు." వెంటనే, "నువ్వు తిన్నావా?" అని అడిగింది.

ఆయన మాకు చుట్టం కాదు. ఆ దేశంలో నల్లవాళ్లూ తెల్లవాళ్లూ అందరూ మొదటిసారి ఓటేసిన ఎన్నికలు జరిగిన కొన్నేళ్లకు, చక్కెర మిల్లులో మా ఆయనకు ఉద్యోగం వచ్చి గోదావరి వైపు నుంచి అక్కడికి వెళ్లాం. మామ ముత్తాత ఎప్పుడో మన వైపు నుంచి చెరకు నరకడానికి అక్కడికి వెళ్లినవాడు. మామ మాటల్లో సగం ఇంగ్లీషు, మిగతాది మా నాయనమ్మ నాటి తెలుగు. నాకు పనిచేసే అనుమతి లేదు. గదుల్లో ఊరికే తిరిగేదాన్ని. "ఏయ్ పిల్లా, కంప్యూటర్ తెలుసంట గదా, ఇటు రా" అని ఒకరోజు మామ గోడ మీంచి పిలిచారు. ఆ పిలుపు లేకపోతే ఆ ఏడాది ఎలా గడిచేదో తెలియదు.

ఆయన పెళ్లిళ్ల ఫొటోగ్రాఫరు. పెళ్లిళ్లన్నీ వీడియో కుర్రాళ్లకు పోయాయి. పత్రికలకూ ప్రకటనలకూ ఫొటోలు ఇచ్చే విదేశీ లైబ్రరీ ఒకటి, పరీక్షకు కొన్ని పంపమంది. నచ్చితేనే చేర్చుకుంటారు. "ఇదీ పోతే కెమెరా అమ్మి కూరగాయలు పెట్టుకోవాల" అనేవారు. పాత స్లైడ్లను స్కాన్ చేసి, తెర మీద పెద్దవి చేసి, దుమ్ము చుక్కలు ఒక్కొక్కటీ చెరపాలి. చుక్క కనిపిస్తే అన్నీ తిప్పి పంపుతామని రాశారు. మామ నిలబడే చెరిపేవారు. కాస్త చెరపడం, వరండాలోకి వెళ్లడం, మళ్లీ రావడం. "అలిసిన కన్ను దేన్నైనా బాగుందనే అంటది, దాన్ని నమ్మకు" అని నాకు చెప్పేవారు.

ఒక ఫొటోలో అత్త తీగ మీది చీరలు లాక్కుంటూ పరిగెత్తుతోంది. వెనక చెరకు తోట మండుతోంది. నరికే ముందు ఆకు కాల్చడం అక్కడ మామూలే. మామ పొద్దుటి నుంచి ఆకాశాన్ని మచ్చ లేకుండా తుడిచారు. అత్త టీ తెచ్చి చూసింది.

"మసేదీ?"

"ఏ మసి?"

"తోట కాలితే మసి పడదా? అంతా తుడిచేసినావా? మరి నేనెందుకు ఉరుకుతున్నా, పిచ్చిదాన్నా?"

నేను నవ్వాను. మామ నవ్వలేదు. "ఉంచితే దుమ్మంటారే."

"అననీ."

"అంటే నా పని పోతాది!"

వరండాలో అటూ ఇటూ తిరిగి వచ్చి మొదటి స్కాన్ మళ్లీ తెరిచారు. ఇప్పుడు ఏది దుమ్మో ఏది మసో ఎవరికీ తెలియలేదు. అత్త తెర మీద వేలు పెట్టి, "ఇది మసి. ఇది కాదు. ఇది నా తెల్ల చీర మీద పడింది" అంటూ పోయింది. మామ గొణుక్కుంటూనే ఆమె చెప్పినవన్నీ ఉంచారు. నల్లటివి చెరకు మసి అని ఫొటో కింద రాసి, సీడీ పోస్టు చేశారు.

అన్నీ తిరిగొచ్చాయి. కారణం, దుమ్ము.

"నా మాట విని చెడితివి" అంది అత్త.

"వాళ్ల ఊళ్లో చెరకు లేదులే" అన్నారు మామ. అంతే.

ఆ వారమే ఎదుటి కొండ మీద తోట కాల్చారు. మామ కెమెరాతో వాకిట్లోకి దిగి అత్తను కేకేశారు. "చెయ్యి చాపు."

"పొయ్యి మీద కూరుంది!"

"మాడనీ. చాపు."

తిడుతూనే చాపింది. ఆ ఫొటోనే ముందు పెట్టి మామ రెండోసారి సీడీ పంపారు. ఈసారి చేర్చుకున్నారు. ఆ ఫొటోలో అత్త ముఖం లేదు. చాపిన అరచెయ్యి ఉంది. దాని మీద వేలంత పొడవు మసి రేకు, ఊదితే పొడి అయ్యేంత పలచగా. కాలిపోయినా దాని మీద ఆకు ఈనెలు కనిపిస్తూనే ఉన్నాయి.