ఆ రోజు పాలు పట్టింది నేనే

పదకొండేళ్లు ఒక మాట కడుపులో పెట్టుకుని తిరిగాను. మా అమ్మకు చెప్పలేదు. మా ఆయనకు నిన్నటిదాకా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. తెలియదు గనకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను. మీ ఇంట్లో కూడా నా బిడ్డలాంటి బిడ్డ ఉందేమో. ఉంటే, నన్ను తిట్టుకుంటూనైనా చివరిదాకా చదవండి. మధ్యలో మీకు పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. అవి కూడా నావి కావు.

అసలు నేను రాయడానికి కూర్చున్నది ఇది కాదు. మాది చేవెళ్ల పక్కన ముడిమ్యాల. మా అమ్మాయి హర్షితకు పదిహేనేళ్లు. పుట్టగానే ఏడవలేదు, మెదడుకు గాలి అందలేదన్నారు. కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి. మాట రాదు. మెడ నిలవడానికే నాలుగేళ్లు పట్టింది. నవ్వు మాత్రం వాకిట్లోకి వినబడేట్టు నవ్వుతుంది. ఇలాంటి పిల్లలకు వ్యాయామం చేయించే చోటు ఒకటి చేవెళ్లలో ఉంది, వారానికి రెండు సార్లు తీసుకెళ్తాను. అక్కడి టీచరమ్మ పోయిన నెల, ఇంట్లో రోజూ పనికొచ్చే చిట్కాలు రాసివ్వమని అడిగింది. కొత్తగా వచ్చే తల్లులకు ఇస్తుందట. నాకంటే బాగా ఎవరు చెబుతారంది. పొంగిపోయాను.

నోట్‌బుక్ తీసి మొదటిది రాశాను. చొక్కా తొడిగేటప్పుడు బిగుసుకున్న చేతికి ముందు తొడగాలి, విప్పేటప్పుడు ఆ చేతిది చివర విప్పాలి. రాసి చూసుకుంటే అది స్వరూప చెప్పింది. రెండోది రాశాను. కాళ్లు కత్తెరలా పడినప్పుడు చీలమండలు పట్టి లాగకూడదు, ముందు మోకాళ్ల దగ్గర పట్టి మెల్లగా వంచితే వాటంతట అవే విడతాయి. అదీ స్వరూపదే. ఎత్తుకునే ముందు "ఎత్తుకుంటున్న బిడ్డా" అని చెప్పి, ఒక్క క్షణం ఆగి ఎత్తాలి, లేకపోతే ఉలిక్కిపడి కట్టెలా బిగుసుకుంటారు. అదీ ఆమెదే. పేజీ నిండింది. నాది ఒక్కటీ లేదు. పెన్ను పక్కన పెట్టేశాను.

స్వరూప నా యారాలు, అంటే మా మరిది భార్య. హర్షితకు రెండేళ్లప్పుడు కాపురానికి వచ్చింది. చదివింది ఏడో తరగతి. నాతోపాటు దవాఖానకు వచ్చి మూల నిలబడి, డాక్టరమ్మ మాటలు కాదు, చేతులు చూసేది. ఇంటికొచ్చాక అవే చేతులు ఆమెకు వచ్చేసేవి. వేలల్లో చెప్పిన కుర్చీ మనకెందుకని, టమాటాలు మార్కెట్‌కు పంపే ప్లాస్టిక్ ట్రే ఒకటి తెచ్చి, ఒక పక్క కోసి, అంచులకు గుడ్డ కుట్టి, రెండు పక్కలా పాత చీరలు చుట్టగా దూర్చి, హర్షితను అందులో కూర్చోబెట్టింది. నా బిడ్డ మొదటిసారి ఒరగకుండా కూర్చుంది ఆ ట్రేలోనే. నేను సంతోషించానా? సంతోషించాను. చుట్టాలొచ్చినప్పుడు మాత్రం ఆ ట్రేను తలుపు వెనకకు నెట్టేదాన్ని. అలాంటి మనిషిని నేను.

అన్నం కూడా ఆమె చేతే. పిల్లను నిటారుగా కూర్చోబెట్టి, తాను కింద కూర్చుని, ఆ పిల్ల కళ్లకు తన కళ్లు సమానంగా ఉండేట్టు చూసుకునేది. గడ్డం కొంచెం కిందికి ఉండాలి. చిన్న చెంచా, సగమే నిండాలి. ఆపైన ఆగాలి. గొంతు కదిలేదాకా ఆగాలి. ఒక గిన్నెడు పప్పన్నానికి ముక్కాలు గంట. తిన్న తర్వాత అరగంట పడుకోబెట్టేది కాదు. ఇదంతా చూసి నేను మురిసిపోవాలి కదా? నాకు మంటగా ఉండేది. నేను చెంచా పడితే నా బిడ్డ నోరు బిగించేది. స్వరూప వస్తే తెరిచేది. కన్నది నేను. మూడు రోజులు నొప్పులు పడ్డది నేను. నిన్నగాక మొన్న వచ్చిన దాని చేతి ముద్దకు నోరు తెరుస్తుందా అనుకునేదాన్ని. బిడ్డ మీద కోపమా, స్వరూప మీద కోపమా, ఆ రెండింటికీ తేడా తెలియని నా మీద కోపమా? ఇప్పటికీ సరిగా చెప్పలేను.

దసరాకు ముందు రోజులవి. బంతిపూలకు గిరాకీ. ఇంటిల్లిపాదీ చేనులో కోతకు పోయారు. స్వరూప మధ్యాహ్నం వచ్చి, నాలుగు మెతుకులు తిని, మళ్లీ పోయింది. హర్షితకు తినిపించి పోతానంటే, నేను లేనా అన్నాను. ఆ మాట అన్న తీరుకు ఆమె గిన్నె నా ముందు పెట్టేసింది.

నేను చెంచా పెడితే పిల్ల ముఖం తిప్పింది. మళ్లీ పెట్టాను, మళ్లీ తిప్పింది. నాకు ముక్కు మీదే కోపం. కాళ్లు చాపుకుని కూర్చున్నాను. మన తల్లులు పసిపిల్లలకు ఉగ్గు పట్టేది ఎలాగో మీకు తెలుసు. చాపిన కాళ్ల మీద వెల్లకిలా పండుకోబెట్టి, బుగ్గలు నొక్కి, గిన్నెతో పోస్తారు. నేనూ అలాగే పెరిగాను, మా ఆయనా అలాగే పెరిగాడు. నాలుగేళ్ల పిల్లను, మింగడం రాని పిల్లను, అలా పడుకోబెట్టి బుగ్గలు నొక్కి పాలు పోశాను. వద్దని డాక్టరమ్మ చెప్పింది. స్వరూప రోజూ చేసి చూపింది. తెలియక చేయలేదు. నా చేత్తో ఏదో ఒకటి ఆ కడుపులోకి పోవాలని చేశాను.

పొలమారింది. పెదవులు నల్లబడ్డాయి. బోర్లించి వీపు తట్టాను. దగ్గి, ఏడ్చి, ఊపిరి తీసింది. గౌను మార్చి నీళ్లలో నానేశాను. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రానికి జ్వరం. తెల్లారేసరికి రొమ్ము గురగురమంటోంది. చేవెళ్ల దవాఖానలో చూసి పట్నం తీసుకుపొమ్మన్నారు. పట్నంలో డాక్టరు అడిగాడు, ఏమైనా తాగేటప్పుడు పొలమారిందా అని. లేదన్నాను. మా ఆయన పక్కనే ఉన్నాడు. గంట తర్వాత మళ్లీ అడిగాడు. మళ్లీ లేదన్నాను. లోపల నా బిడ్డకు ఆక్సిజన్ పెట్టారు, నేను బయట లేదంటూ నిలబడ్డాను.

స్వరూప, మరిది బండి మీద వచ్చారు. ఆమె నేరుగా పిల్ల దగ్గరకు పోయి తల నిమిరింది. చెవి వెనక వెంట్రుకలు పాలతో అట్టకట్టి ఉన్నాయి. వెల్లకిలా తాగితేనే పాలు అటు కారతాయి. బయటికొచ్చి నన్ను మెట్ల దగ్గరికి తీసుకుపోయింది.

"అక్కా, పండుకోబెట్టి పోసినవా?"

నేను తల తిప్పి పిల్ల ఉన్న గది వైపు చూశాను.

"డాక్టరు సాబ్‌కు చెప్పు. చెప్పకుంటే ఏం దవా ఇస్తడు?"

"మీ బావ పక్కన్నే ఉన్నడు. ఎట్ల చెప్పాలె?"

ఆమె ఒకసారి లోపలికి చూసింది. "నా పేరు చెప్పు. నేను తాపిన్నని చెప్పు. ఎవరు తాపిన్రన్నది పోనీ. ఎట్ల తాపినమో గదొక్కటి నిజం చెప్పు. జల్ది పో."

పోయాను. చెప్పాను. మధ్యాహ్నం అన్నానికి వచ్చినప్పుడు మా యారాలు పడుకోబెట్టి పట్టిందని చెప్పాను. మా ఆయన ముందే చెప్పాను. ఊపిరితిత్తుల్లోకి పాలు పోయాయని తెలిసి డాక్టరు వైద్యం మార్చాడు. వారం రోజులు నోటితో ఏమీ ఇవ్వకుండా ముక్కులో గొట్టం పెట్టారు. నా బిడ్డ బతికింది. ఇప్పటికైనా చెప్పి మంచిపని చేశావమ్మా అని డాక్టరు నన్ను మెచ్చుకున్నాడు. నేను తలూపాను.

ఆమే చెప్పమంది కదా అని ఇన్నేళ్లూ నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఆమె అన్నది ఆ గంట కోసం. బిడ్డ గట్టెక్కడం కోసం. నేను దాన్ని పదకొండేళ్లు వాడుకున్నాను. ఇంటికొచ్చాక మా ఆయన అందరి ముందు, ఇకనుంచి స్వరూప పిల్లను ముట్టుకోవద్దన్నాడు. ఆయన ఊళ్లో పదిమందిలో తిరిగే మనిషి. ఆయన ఇంట్లో అన్న మాట సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. పిల్లను చంపబోయిందని స్వరూపను వెనకాల అన్నవాళ్లున్నారు. మరిది ఆమెతో సరిగా మాట్లాడక ఎన్ని నెలలు గడిచాయో. అప్పుడు ఒక్క మాట చాలు. నేనే అనడానికి ఎంతసేపు? ఆ మాట అంటే మా ఆయన ముఖంలో నేను ఏమైపోతానో అన్న భయం. అంతే. అంతకన్నా పెద్ద కారణమేదీ లేదు.

ఆరు నెలలకు వాళ్లు వేరుపడ్డారు. మొయినాబాద్‌లో కిరాయికి ఇల్లు చూసుకున్నారు, మరిది చిల్కూరు గుడికి ఆటో నడపడం మొదలుపెట్టాడు. పోయే ముందు రోజు మా ఆయన మార్కెట్‌కు పోయినప్పుడు స్వరూప నా గదిలోకి వచ్చింది. చంకలో దిండు. తలుపు దగ్గరగా వేసి, ఆ దిండును ఒళ్లో కూర్చోబెట్టుకుని, నాకు అన్నీ చూపింది. దిండుకు హర్షిత చొక్కా తొడిగింది, విప్పింది. పిడికిలి తెరవడానికి వేళ్లు లాగొద్దని, మణికట్టు వంచితే వేళ్లు వదులవుతాయని నా చెయ్యే పట్టుకుని చూపింది. కాళ్లు నిటారుగా ఉండడానికి వేసే పట్టీల బూట్లు విప్పాక చర్మం ఎర్రగా కందిందేమో రోజూ చూడమంది. రెండు వస్తువులు చూపించి ఏది కావాలని అడిగితే పిల్ల కళ్లతో చెబుతుందని, కానీ తొందరపెట్టకుండా ఆగాలని చెప్పింది. పక్కనే ట్రేలో కూర్చుని హర్షిత, దిండుకు చొక్కా తొడగడం చూసి పగలబడి నవ్వుతోంది. పాపనే ఎత్తుకుని చూపించవచ్చు కదే, ఆయన లేడుగా అన్నాను. బావ ముట్టొద్దన్నడు గద అక్కా అంది. ఎవరూ చూడని చోట కూడా ఆ మాట నిలబెట్టింది. నా అబద్ధం మీద నిలబడ్డ మాటను. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అప్పుడైనా చెప్పానా? చెప్పలేదు.

ఆ ఒక్క గంట నేర్పిన దాంతోనే నా బిడ్డను ఇంతదాన్ని చేశాను. పదకొండేళ్లలో మళ్లీ ఊపిరితిత్తుల జబ్బు రాలేదు. వీపు మీద ఒక్క పుండు పడలేదు. ఇప్పుడు నా చెంచాకు నోరు తెరుస్తుంది. దేవుడికి దండం పెట్టుకునేటప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది ఆ దిండు పట్టుకున్న మనిషే. పెళ్లిళ్లలో కనబడితే ఆమె అడిగేది ఒక్కటే, పాప మంచిగ తింటున్నదా అని. తింటోందంటాను. ఆమె ముఖం వెలిగిపోతుంది. ఇంత మేలు పొందిన మనిషి ఎలా ఉండాలి? నేనైతే వంటల దగ్గర పనుందని పక్కకు తప్పుకునేదాన్ని.

పోయిన గురువారం ఆ వ్యాయామం చోటుకు, మా దగ్గర్లోని ప్రొద్దుటూరు నుంచి ఒక తల్లి వచ్చింది. చిన్న వయసు, రెండేళ్ల బాబు. నన్ను పక్కకు పిలిచి చెప్పింది. ముందు రోజు విసుగొచ్చి కాళ్ల మీద వేసుకుని పాలు పోసిందట, పొలమారిందట, అత్తకు తెలిస్తే చంపేస్తుందట. అప్పటికప్పుడు తీసుకుపోయి డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పించాను. బాబుకు ఏమీ కాలేదు. ఆటో ఎక్కబోతూ అడిగింది, "నువ్వెప్పుడన్న గిట్ల చేసినవా అక్కా?" అని.

"లేదమ్మా" అన్నాను.

ఆ పిల్ల తల దించుకుంది. లోకంలో తానొక్కతే పాపిష్టి తల్లి అనుకుంటూ ఇంటికి పోయింది. నేను ఔనంటే ఆమెకు ఎంత ఊరటగా ఉండేది! నా బిడ్డకు కీడు చేశాను, స్వరూపకు అన్యాయం చేశాను, అది చాలక ఈ కొత్త పిల్లకు కూడా. ఇంక నిద్ర పట్టలేదు.

నిన్న పొద్దున మా ఆయనకు చెప్పాను. చాయ్ గ్లాసు చేతిలో ఉంది. మొదటినుంచి చివరిదాకా విన్నాడు. స్వరూపకు తెలుసా అన్నాడు. మొదటి రోజు నుంచే తెలుసన్నాను. "పదకొండేండ్ల సంది నాతోని ఎట్ల మాట్లాడినవే?" అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టి చేనుకు పోయాడు. రాత్రి వచ్చి ముఖం చూడకుండా తిని పడుకున్నాడు. తమ్ముడికి ఫోన్ చేస్తాడో, నన్ను పుట్టింటికి పొమ్మంటాడో తెలియదు. ప్రొద్దుటూరు పిల్లకు నేనే ఫోన్ చేసి, నేనూ చేశాను తల్లీ అని చెప్పాను. అవతల ఏడుపు వినబడింది. స్వరూపను క్షమించమని అడగను. అడిగితే పోనీలే అక్కా అనేస్తుందని నాకు తెలుసు. అంత సులువుగా తీసుకునే హక్కు నాకు లేదు. ఆదివారం మొయినాబాద్ పోతాను. ఊళ్లో అందరికీ నేనే చెబుతానని మాత్రం చెప్పి వస్తాను.

గుండె తేలికైందని అనలేను. కానీ ఊపిరి ఆడుతోంది. ఈ మధ్యాహ్నం హర్షితకు అన్నం పెడుతూ, ఇట్ల తినిపియ్యమని నాకు మీ చిన్నమ్మ నేర్పింది బిడ్డా, ఆమె పేరు స్వరూప అని చెప్పాను. గట్టిగా, వాకిట్లో ఉన్న మా ఆయనకు కూడా వినబడేట్టు చెప్పాను. ఆ పేరు ఈ ఇంట్లో నా నోటి నుంచి మంచి మాటతో బయటికి రావడం పదకొండేళ్లలో ఇదే మొదలు.