నేను తొక్కని ఆరు మైళ్ళు

ఒక ఆదివారం జగదల్‌పూర్ సంత నుంచి ఇంటికి వచ్చేసరికి, గడపలో నిలబడ్డ నా భార్య నా కాళ్ళ వంక చూసి, "ఇంకో చెప్పు ఏదీ?" అంది. చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు.

"పాపం, ఎవరో బీదవాడికి ఇచ్చేశా."

"ఒక్కటే ఇచ్చినవా? ఏంది, వానికి ఒక్కటే కాలా?"

నిజం ఏమిటంటే, అది ఎక్కడ జారిందో నాకు తెలియదు. అరికాలు గీరుకుపోయి రక్తం కారుతున్నా తెలియలేదు. అంతకు నెల ముందు నుంచీ కుండలు ఖాళీ చేసే దాహం, లేచి నిలబడితే నీరసం. ఎండలని సరిపెట్టుకున్నాను. ఆ రోజు మాత్రం భయం వేసింది.

ఆసుపత్రిలో బెంగాలీ డాక్టరుగారు నా యూరిన్‌ను నీలంరంగు మందులో కలిపి దీపం మీద కాచారు. చూస్తుండగానే అది ఇటుకరంగుకు తిరిగింది. "డయాబెటీస్," అన్నారు. "రోజూ పొద్దున ఇన్సులిన్ ఇంజెక్షన్. తీసుకోగానే తిండి తినాలి. ఒళ్ళు వణికి చెమట పడితే షుగర్ పడిపోయినట్టు, వెంటనే తీపి తినాలి. ఇక ఎక్సర్‌సైజ్. కలప డిపోలో కూర్చుని పెంచిన పొట్ట ఇది. సైకిల్ వచ్చా?"

"భద్రాచలం దగ్గర ఒంటిచేత్తో తొక్కేవాణ్ణి," అన్నాను. అప్పటికి నేను సైకిల్ ముట్టుకుని ఎరగను.

యాభై ఎనిమిదో ఏట గోల్ బజారులో నేర్చుకున్నాను. ఒక పక్క ఎడ్లబండ్లు, ఒక పక్క కావళ్ళు మోస్తూ వరసగా నడిచే జనం, వెనక హారన్ కొట్టే లారీ. ఎక్కడం వచ్చింది, దిగడం రాలేదు. రోజూ ఒక ధాన్యం కొట్టు పందిరి గుంజను కౌగిలించుకుని ఆగేవాణ్ణి. "అరే బాబూజీ, అది నా గుంజ, నీ పెళ్ళాం కాదు!" అని సేఠ్ అరిచేవాడు.

డాక్టరుగారు అడిగినప్పుడల్లా "రోజుకు పది మైళ్ళు" అన్నాను. నిజానికి నాలుగు. రెండో మైలురాయి దగ్గర నా మహాప్రసాద్ ఊరు. డిపోలో నా కింద ముకద్దంగా, అంటే కూలీల మేస్త్రీగా, చేసిన మనిషి. ఇక్కడ ఇద్దరు స్నేహం కట్టుకుంటే ఇక పేర్లతో పిలుచుకోరు, ఇద్దరూ "మహాప్రసాద్" అనే పిలుచుకుంటారు. ఆయన అందించిన ఆకుదొప్పను కాదనడమంటే ఆ స్నేహాన్ని కాదనడమే. దొప్పలో ఉండేది జీలుగు కల్లు. ఇక్కడివాళ్ళు సల్ఫీ అంటారు. చెట్టు నుంచి దించగానే తియ్యగా ఉంటుంది. నాకు జబ్బని ఆయనకు చెప్పలేదు. సల్ఫీ సంగతి డాక్టరుకు చెప్పలేదు. రోజూ మూడు దొప్పలు తాగి, అదే పొద్దుటి తిండి అనుకుని ఇంటికి వచ్చేవాణ్ణి.

పరీక్షలో ఇటుకరంగు మారలేదు. "పది మైళ్ళు తొక్కినా తగ్గలేదా?" అని డాక్టరుగారు ఇన్సులిన్ యూనిట్లు పెంచారు. మళ్ళీ పెంచారు. పైగా వార్డులో అందరి ముందూ, "చూడండి, ఈ బాబా పది మైళ్ళు తొక్కుతాడు!" అన్నారు. అందరూ నా వంక చూశారు. నాకు సిగ్గేసింది.

మర్నాడు ఇంజెక్షన్ వేయించుకుని, నిజంగానే పది మైళ్ళు తొక్కుదామని బయలుదేరాను. మహాప్రసాద్ ఊరు దగ్గర తల వంచుకుని దాటేశాను. ఐదో మైలురాయి ముట్టుకుని తిరిగాను. కడుపులో ఏమీ లేదు. డాక్టరుగారు జేబులో ఉంచుకోమన్న పటికబెల్లం రెండో రోజే తినేశాను.

తిరుగుదారిలో మూడో మైలురాయి దగ్గర చేతులు వణికాయి. చొక్కా తడిసిపోయింది. ఒక రోడ్డు రెండుగా కనిపించింది. రెండో రాయి దాకా వచ్చి పడిపోయాను. సంతకు వెళ్ళే జనం ఆగారు. "తీపి" అనబోతే నాలుక మడతపడింది.

"సల్ఫీ తాత పొద్దున్నే పట్టించిండు," అంది ఒకామె నన్ను చూపిస్తూ. నవ్వులు వినిపించాయి. "పండనియ్, దిగినంక లేస్తడు." కాళ్ళు నన్ను దాటుకుంటూ వెళ్ళిపోయాయి. వాళ్ళ తప్పు లేదు. నేను తాగడం రోజూ చూసేవాళ్ళే. చచ్చిపోతున్నానని నాకు తెలుసు, చెప్పడానికి మాట లేదు.

ఎవరు పిలిచారో, మహాప్రసాద్ వచ్చాడు. వంగి నా నోరు వాసన చూశాడు. "మహాప్రసాద్ తాగలేదు!" అని ఇక్కడి హల్బీ భాషలో కేక వేశాడు. "ఇవాళ నా దగ్గరికే రాలేదు. ఇది వేరే ఏదో!" ఆకలితో పడ్డాననుకుని తేనె తెప్పించి, వేలితో నా చిగుళ్ళకు రాశాడు. మళ్ళీ రాశాడు. ఎంతసేపటికో రోడ్డు ఒక్కటైంది. మింగగలిగాక ఇంత గంజి తాగించి, ఎడ్లబండిలో ఆసుపత్రికి తెచ్చాడు.

అక్కడ, ఆయన ముందే, అంతా ఒప్పుకున్నాను. "మీరు చెప్పిన మైళ్ళకు నేను మందు రాశాను," అన్నారు డాక్టరుగారు. "ఆ మైళ్ళు లేవు. ఇవాళ ఆ సల్ఫీ కూడా లేదు. మందు మాత్రం మీ ఒంట్లో ఉంది."

ఇంటికి వచ్చే దారిలో మహాప్రసాద్ ఒకే మాట అన్నాడు: "ఒక్క ముక్క చెప్తే నేను పోస్తానా?"

యూనిట్లు తగ్గాయి. ఇప్పుడు గంజి తాగి బయలుదేరుతాను. పరీక్షలో రంగు ఆకుపచ్చకు దిగింది. ఎడమ కాలికి తిమ్మిరి పోలేదు కాబట్టి, రాత్రి పడుకోబోయే ముందు మా ఆవిడ అరికాళ్ళు చూస్తుంది.

చదివేవారికి నేను చెప్పేది ఒక్కటే: తిన్నది, తాగినది, నడిచినది డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి. పొగడ్త కోసం పెంచకండి. మొన్న డాక్టరుగారు ఎన్ని మైళ్ళని అడిగారు. "నాలుగు," అన్నాను. కలం ఎత్తి పట్టుకుని నా వంక చూస్తూ ఉండిపోయారు.

"మూడు," అన్నాను. అప్పుడు రాసుకున్నారు.