సక్కగ దొర్లిన గోలీ

చాయ్ తాగుండ్రి, చెప్త. మొన్నటి షికారు ఏమైందని అందరు అడుగుతనే ఉన్నరు గద. ముందుగాల్నే చెప్తున్న, పందికేం కాలె. పంది మంచిగున్నది. ఇంకా చెప్పాల్నంటె మునుపటి కన్న మంచిగున్నది. నా సంగతే జర అటిటుగ ఉన్నది.

మోత్కూరు తొవ్వల మా పల్లిచేను మీకెరుకే. ఈ ఏడు కాత మస్తుగ వచ్చింది. వచ్చిందని మాకు తెలిసేటాల్లకే అడివి పందికి తెలిసింది. ఒంటి పంది. దినాం పొద్దు వాలంగనె వచ్చుడు, ఒక మడి తవ్వుడు, తినుడు, పోవుడు. డప్పు కొట్టినం, మంట పెట్టినం. తల లేపి మా దిక్కు చూసి మల్ల తినవట్టె. సగం చేను గట్లనే పోయింది. మిగిలిన సగమన్న దక్కకపోతె ఇంట్ల నూనెకు లేదు, వచ్చే ఏటికి ఇత్తనానికి లేదు. మా ఇంటామెకు కంటి మీద కునుకు లేదు.

మాకు తాతల నాటి తమంచా ఒకటి ఉన్నది. అదే, చేతి తుపాకి. దొంగది గాదు, లైసెన్స్ ఉన్నది. దాని మూతి దిక్కు నుంచి మందు పోసి, పీచు కుక్కి, గోలీ ఏసి, చువ్వతోని దట్టించి, ఎనక నిప్పు పుట్టిచ్చే చిన్న టోపీ పెట్టి కొట్టాలె. ఒక్కటే దెబ్బ. తప్పిందంటె మల్ల కథ మొదటికే. అందుకే షికారీ హునర్, నేర్పంత గోలీ ఎంచుకునుట్లనే ఉన్నదని నేను చెప్తుంట. ఎవ్వరు అడగకున్నా చెప్తుంట.

గప్పుడే మా బామ్మర్ది ఊడివడ్డడు. మా ఇంటామె తమ్ముడు, హుజూర్‌నగర్ దిక్కు. సాగర్ డ్యాం కట్టే కాడ మేస్త్రి పని చేస్తడు. తమంచా చూసి, "బావా, నువ్వు కొట్టుడు, పంది పడుడు, రెండు ఒక్కనాడే అయితయా?" అన్నడు. నాకు రోషమొచ్చింది. రేపు పొద్దుగూకేటాల్లకు పందిని పండబెడ్త, మసాల నూరి పెట్టుకోండ్రి అన్న.

ఆనాడే పాత చేపల వల గుండ్ల సీసం కరగబెట్టి అచ్చుల పోసిన. అచ్చు గూడ తాతల నాటిదే, ఒక దిక్కు అరిగింది. గోలీలు ఒకటి జామకాయ తీరు, ఒకటి ఉల్లిగడ్డ తీరు వచ్చినయి. ఆముదంల దీపం మసి కలిపి వాటికి పూసి, చాటల పోసి ఆరబెట్టిన. నల్లగ నిగనిగలాడినయి.

ఇక్కడ ఇంకో గోలీల సంగతి చెప్పాలె. మా అమ్మకు ఆకలి చచ్చిపోయిందని నల్గొండల హకీం సాబ్ కాడికి పోయి మందు తెచ్చిన. ఓమ, ఇంగువ, శొంఠి, ఇంకేందేందో నూరి చేతితోని చుట్టిన నల్ల గోలీలు. ఇవి గూడ నా సీసం గోలీల తీరుగనే రేగుపండంత ఉంటయి. "పూటకొకటి దవడల పెట్టుకొని చప్పరించాలె, రాళ్లు తిన్నా అరుగుతయి" అన్నడు హకీం సాబ్. అవి జర తేమ పట్టినయని అమ్మ గూడ ఇంకో చాటల పోసి ఆరబెట్టింది.

ఇగ మా ఇంట్ల పట్టింపు ఒకటున్నది. షికారుకు బయలెల్లేటోన్ని ఎక్కడికి, ఎందుకు, ఏది అని అడ్డం అడగొద్దు. అడిగితె షికారు చెడ్తది. షికారు దినం పొద్దుగాల్నే హుకుం జారీ చేసిన, ఇయ్యాల నన్ను ఎవ్వరు ఒక్క మాట అడగొద్దని. పెండ్లైన కాంచి మా ఇంటామె నా మాట ఇన్నది గా ఒక్కనాడే.

ఎండ దిగంగ "గోలీలు పట్టుకరా" అన్న. ఆమె నోరు తెరిచింది. నేను ఏలు చూపిచ్చిన. మూసుకున్నది. ఏ గోలీలని అడుగుదామంటె అడగొద్దాయె. ఎందుకొచ్చిన లొల్లి అని రెండు చాటలయి ఒక్క ఇత్తడి తాంబాలంల పోసి నా ముందట పెట్టి పోయింది.

నేను తాంబాలం జర వంచి ఒక్కొక్క గోలీని దొర్లియ్యవడితి. సక్కగ దొర్లింది సక్కగ పోతది, వంకర దొర్లింది పనికి రాదు. అది నా లెక్క. కొన్ని తాగినోని తీరు అటిటు పోయినయి. పక్కకు నూకిన. కొన్ని గీత గీసినట్టు సక్కగ వచ్చినయి. నా పనితనానికి నాకే ముచ్చటేసింది. బామ్మర్ది ఒకటి అరచేతుల ఎగరేసి చూసిండు.

"బావా, గివి జర తేలికగ లేవా?"

"తేలికగ ఉన్నదే దూరం పోతది. గడ్డపార ఇసురు, కట్టెపుల్ల ఇసురు. ఏది దూరం పోతది?"

"నీ అంత తెలివి నాకేడిది బావా" అన్నడు. పొగిడిండనుకున్న.

సక్కటియన్ని సంచిల ఏసుకొని పోయినం. వంకరయి అమ్మ మందని మా ఇంటామె సీసాల పోసి మూత పెట్టింది.

చేన్ల మంచె ఎక్కి కూసున్నం. పంది టయానికి వచ్చింది. దగ్గరికి రానిచ్చి కొట్టిన. ఢామ్మన్నది, పొగ లేసింది. పొగ పోయినంక చూస్తె పంది ఉన్నకాడనే ఉన్నది. ముట్టె లేపి వాసన చూస్తాంది. తుమ్మింది. పందులు తుమ్ముతయని నాకు ఆనాడే తెలిసింది.

"బావా, తుపాకి మందుల ఇంగువ గూడ కలుపుతరా?" అన్నడు బామ్మర్ది మెల్లగ.

నాకు గూడ వాసనొస్తాంది. పప్పుకు పోపు పెట్టినట్టున్నది. ఎవరింట్లనో వండుతున్నరు లే అన్న. ఆ చేను చుట్టుముట్టు ఇల్లే లేదు.

రెండోది నింపిన. చువ్వతోని దట్టిస్తె గోలీ లోపల కరకరమన్నది. సీసం కరకరమనదు, నాకు తెలుసు. తెలిసి గూడ కొట్టిన. మల్ల పోపు. గీసారి పంది సక్కగ మా మంచె దిక్కే వచ్చింది. నేను లేవబోయేటాల్లకు సంచి జారి కింద పడ్డది. గోలీలన్ని దొర్లినయి. పంది ఒకటి వాసన చూసింది, తిన్నది. ఇంకోటి తిన్నది. ఏరుకొని ఏరుకొని తిన్నది, ఒక్కటి ఇడిచిపెట్టలె. తిని, తోక ఆడిచ్చుకుంట పోయింది.

"తగిలింది బావా" అన్నడు బామ్మర్ది. "కడుపులనే తగిలింది."

ఇంటికి వస్తె అరుగు మీద అమ్మ బుగ్గ ఉబ్బిచ్చుకొని కూసున్నది. పెదవులన్ని నల్లగున్నయి.

"గా హకీం పాడుగాను. గింతసేపటి సంది చప్పరిస్తున్న కొడుకా, కరుగదేంది గిది?"

"ఉమ్మెయ్ అమ్మా, ముందు ఉమ్మెయ్" అన్న. గిన్నెల ఉమ్మింది. ఠంగుమన్నది. నోరు పుక్కిలిపిచ్చి మా ఇంటామె దిక్కు చూసిన.

"ఏ గోలీలని అడుగుదామంటె అడగనిస్తివా?" అన్నది ఆమె. బామ్మర్ది నవ్వలేక గోడ పట్టుకున్నడు. అమ్మ నవ్వింది, ఆమె నవ్వింది. ఏం చేస్త, నాకు గూడ నవ్వు ఆగలె. నూరిన మసాల వంకాయల ఏసుకొని తిన్నం.

ఇగ అమ్మకు మందు కావాలె గద. నాల్గొద్దులైనంక మల్ల నల్గొండ పోయిన. హకీం సాబ్ కండ్లద్దాలు సదురుకున్నడు.

"అన్ని అప్పుడే ఖతమైనయా? గుణం కనబడ్డదా మరి?"

నేను ఏదో ఆలోచనల ఉండి నోరు జారిన. "మస్తు కనబడ్డది హకీం సాబ్. మునుపు దినానికి ఒక్క మడి తినేది. ఇప్పుడు మిగిలిన చేనంత తిని, పక్కోళ్ల చేన్ల పడ్డది."

ఆయన కండ్లద్దాలు తీసి, తుడిచి, మల్ల పెట్టుకున్నడు.

"ఈ వయసుల మీ అమ్మకు గంత ఆకలా?"

పందిని కొట్టబోయి దానికి మందేసి వచ్చిన షికారీని నేనే అని చెప్పేదుండె. తల వంచుకొని అవునన్న. నా పరువు తీసుకునుడు కన్న అమ్మ పరువు తీసుడే అల్కగ అనిపించింది.