అంచులు కోయని నవల

ముప్పై ఏళ్ళుగా పుస్తకాలకు అట్టలు కడుతున్నాడు కాబట్టి ఆయన్ని అందరూ అట్టల మామ అంటారు. కట్టినవి ఎన్ని వేలో ఆయనకే తెలీదు. చదివినవి ఎన్నంటే మాత్రం చప్పున చెప్పేస్తాడు, ఒక్కటీ లేదని. "మిఠాయి కొట్టువాడు మిఠాయి తింటూ కూర్చుంటాడా?" అంటాడు పైగా. అదో గొప్ప!

పుస్తకం విప్పాలి, దారంతో కుట్టాలి, జిగురు పూయాలి, అట్ట వేయాలి, చివర కటింగ్ మిషన్లో పెట్టి మూడువైపులా అంచులు కోయాలి. ఆ కోత మీద చెయ్యి పెడితే అద్దం మీద పెట్టినట్టు జారిపోవాలి. ఇదీ మామకు తెలిసిన సాహిత్యం. పేజీల మూలలు మడిచేవాళ్ళనీ, మార్జిన్లలో రాసేవాళ్ళనీ చూస్తే ఒంటికాలి మీద లేస్తాడు.

అలా లేచే నాలుగు నెలల కిందట కొంప మీదికి తెచ్చుకున్నాడు. బైండు చేసిన పుస్తకాలు ఇవ్వడానికి స్కూలు లైబ్రరీకి వెళితే, తొమ్మిదో తరగతి చదివే సొంత కూతురే పేజీ మూల మడుస్తూ కనబడింది. ఇంకేముంది! స్నేహితులంతా చూస్తుండగా, "నా కడుపున చెడబుట్టావు కదే!" అని దులిపేశాడు. పిల్ల ఒక్క మాట అనలేదు. ఆ రోజూ అనలేదు, మర్నాడూ అనలేదు, ఇప్పటిదాకా అనలేదు. అని మామ లెక్క.

అంతకుముందు బడి నుంచి రాగానే వీధి గదిలోని కొట్లో కూర్చుని, పుస్తకాల వీపు మీద అంటించే చీటీలకు గుండ్రటి అక్షరాలతో పేర్లు రాసిపెట్టేది, గలగలా వాగుతూ. ఇప్పుడా చీటీలు మామే రాస్తున్నాడు. కోడి కెలికినట్టుంటాయి.

"పెద్దవారు, మీరే ఓ మాట కదపొచ్చుగా?" అనేది భార్య.

"నేనా? తప్పు దానిదీ, కాళ్ళబేరం నాదీనా?" అని బింకం పోయేవాడు. బింకమంతా పైపైనే. 'నాన్నా' అన్న పిలుపు లేక కొట్లో దిక్కుతోచడం లేదు పాపం.

ఇలా ఉండగా ఓ రోజు లైబ్రరీ మేడం చిరిగి పీలికలైన నవలొకటి పట్టుకొచ్చింది. ఎక్కడో మంచుదేశంలో గొర్రెలు కాచుకునేవాళ్ళ ఇంట ఓ పిల్ల పెరిగి పెద్దదయ్యే కథట.

"పిల్లలు ఎగబడి చదివారండీ. చదివి ఊరుకోవచ్చుగా? మార్జిన్ల నిండా రాసిపెట్టారు. వచ్చే వారం తనిఖీ. కుట్టి, అంచులు బాగా లోపలికి కోసేయండి. ఆ రాతలు కంటికి కనబడకూడదు."

"అయ్యో, దానికేం భాగ్యం మేడం!" అన్నాడు మామ. ఆ మాటే వినాలని ముప్పై ఏళ్ళుగా కాచుకున్నాడు.

ఎంత లోపలికి కోయాలో చూద్దామని పుస్తకం తెరిచాడు. మంచుదేశం పిల్ల పొద్దున్నే నలభై గొర్రెల పేర్లు వరసగా అప్పజెప్పాలని ఉన్నచోట మార్జిన్లో ఎవరో రాశారు: "మాకు ఎక్కాలు." దాని కింద ఇంకొకరు: "గొర్రెలే నయం."

మామ పేజీ తిప్పాడు. ఆ దేశంలో అమ్మమ్మ ఇంటికి వెళ్ళినా సరే, గుమ్మం బయట నిలబడి ఈల వేయాలట. లోపలి నుంచి తిరుగు ఈల వస్తేనే అడుగు పెట్టాలట.

"అమ్మమ్మ ఇంటికి పర్మిషనా!"

"మా అమ్మమ్మకి పళ్ళు లేవు. ఈల రాదు. ఇక నా బతుకంతా బయటే."

మామ కిసుక్కున నవ్వి, ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాడు. రాతలు అర్థం కావాలంటే కథ తెలియాలిగా మరి! కథ కూడా చదవడం మొదలుపెట్టాడు. గిన్నెలో జిగురు ఎండి పెచ్చులు కట్టింది.

నూరో పేజీ దాటాక పిల్లకు పదమూడేళ్ళు నిండాయి. ఆ వయసు రాగానే ఏడాదిపాటు తండ్రితో మాట్లాడకూడదని వాళ్ళ ఆచారం. పక్కన పెద్ద అక్షరాలతో "అదృష్టవంతురాలు!" అని ఉంది. ఆ తర్వాత ఒకదాని కింద ఒకటిగా: "మా ఇంట్లో ఆచారం లేకుండానే జరుగుతోంది." "మా ఇంట్లోనూ." "మాకు రెండో ఏడు."

వాటి కింద గుండ్రటి అక్షరాలు. ఆ రాత ఎవరిదో మామకు ఒకరు చెప్పాలా?

"మొదలుపెట్టింది నేనే. ఎలా ఆపాలో తెలియట్లేదు."

దానికి మార్జిన్లో తలా ఒక సలహా.

"ఆయనే ముందు మాట్లాడాలి. పెద్దవాడు కదా."

"నాన్నలకి అది రాదు. ఎవరూ నేర్పలేదు."

"అన్నం దగ్గర ఉప్పు అడిగి చూడు. ఉప్పుకి ఎవరైనా పలుకుతారు."

మళ్ళీ గుండ్రటి అక్షరాలు: "అడిగాను. తలెత్తకుండా 'మీ అమ్మనడుగు' అన్నాడు."

"పోనీ పంచదార అడిగి చూడు."

మామకు అప్పుడు గుర్తొచ్చింది. మొన్న మంగళవారం! చిరిగిన అట్లాసు ఒకటి బుర్రలో తిరుగుతుంటే, అడిగిందెవరో కూడా చూసుకోలేదు. "ఛీ, నా బతుకు చెడా!" అని నెత్తి కొట్టుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి కంచం పక్కన పంచదార డబ్బా పెట్టుకుని భోజనానికి కూర్చోసాగాడు. మూడు రోజులైంది. పిల్ల అడగదు, ఈయన కదలడు. "కూరలో కలుపుకుంటారా ఏంటండీ?" అని భార్య నోరు నొక్కుకుంది. మేడానికి పుస్తకం సోమవారం ఇవ్వాలి. ఆదివారం మధ్యాహ్నం ఇక ఆగలేకపోయాడు.

"అమ్మడూ," అన్నాడు. "మీ స్కూలు నవల చదివాను."

పిల్ల చేతిలో ముద్ద ఆగిపోయింది. "నువ్వా? చదివావా?"

"ఊఁ."

"ఎంతవరకు?"

"పంచదార దాకా."

పిల్ల మొహం కందగడ్డయింది. "అది నీకోసం రాసింది కాదు! ఎవరో రాసుకున్నది చదవొచ్చా? ఉప్పడిగితే అమ్మనడగమంటావా? అందరి ముందూ అలా తిట్టావు. నెల రోజులు నన్ను క్లాసులో 'మూల' అని పిలిచారు, తెలుసా నీకు?" అంటూ అందుకుంది చూడండీ, నాలుగు నెలల బాకీ ఒక్క పూటలో తీర్చేసింది. తల్లి గరిటె పట్టుకుని గుమ్మంలో అలాగే నిలబడిపోయింది. మామ మాత్రం తలూపుతూ, కళ్ళు చెమరుస్తుంటే, హాయిగా తిట్లు తిన్నాడు. మధ్యలో ఆపుతుందేమోనని ఒకటే భయం.

ఆపింది. "తప్పయిపోయింది తల్లీ," అన్నాడు.

"అందరి ముందూ తిట్టావుగా. అందరి ముందూ చెప్పు."

"స్కూలుకొచ్చి మైకులో చెప్పమంటావా ఏంటే?"

పిల్ల చెయ్యి కడుక్కుని కొట్లోకి వెళ్ళి నవల తెచ్చింది. అంచులు తడిమి చూసింది. "కోయలేదే! మేడానికి ఏం చెప్తావ్?"

"కోస్తే కథ పోతుందని చెప్తా."

ఆ పేజీ తీసి ముందు పెట్టి, పెన్సిల్ చేతికిచ్చింది. ముప్పై ఏళ్ళలో మామ ఏ పుస్తకంలోనూ చుక్క కూడా పెట్టినవాడు కాదు. పంచదార సలహా కింద, కోడి కెలికినట్టు రాశాడు: "తప్పు నాది. – నాన్న."

పిల్ల వంగి చదివి పెదవి విరిచింది. "ఎవరి నాన్నో రాయలేదేం? ఇలా వదిలేస్తే ప్రతివాళ్ళూ వాళ్ళ నాన్నే వచ్చి రాశాడనుకుంటారు."

మామ పెన్సిల్ పట్టుకుని ఆ మార్జిన్ను పై నుంచి కింది దాకా మరోసారి చదివాడు.

"అనుకోనీ తల్లీ," అని పుస్తకం మూసేశాడు.