రౌడీగారి అమ్మ చూపించిన భుజం

ఎముకల డాక్టరు దగ్గర పద్దెనిమిదేళ్లుగా ఎక్స్‌రేలు తీస్తున్న ఆవిడను అందరూ ఎక్స్‌రే అక్క అనేవారు. ఆవిడకంటే ఆరేళ్లు పెద్దయిన డాక్టరు కూడా అలాగే పిలిచేవాడు. ఎవరైనా "బాత్రూంలో జారిపడ్డానండీ" అంటూ లోపలికొస్తే, ఒకసారి మొహం చూసి, ఒకసారి మోచెయ్యి చూసి, "ఎవరింటి బాత్రూం?" అని అడిగేది. చెప్పేదొకటి, ఫిల్ములో కనిపించేదొకటి అయ్యేసరికి, ఏళ్లు గడిచేకొద్దీ పాలుపోసే మనిషి మాట కూడా ఆవిడకు నమ్మబుద్ధి కాకుండా పోయింది.

ఆ అనుమానమే ఆవిడను వీడియోల్లోకి దించింది. ఒక ఆదివారం చెల్లెలితో కలిసి ఓ పెద్ద హీరో సినిమాకి వెళ్లింది. హీరో ఒక్క తన్ను తన్నితే నలుగురు గాల్లోకి లేచారు. హాలంతా ఈలలు. ఆవిడ మాత్రం చెల్లెలి చెవిలో, "ఆ చివరివాడి తొడ ఎముక పోయింది చూశావా? ఇంటికెళ్లి వాళ్లమ్మకేం చెప్తాడు?" అంది. చెల్లెలు కడుపు పట్టుకుని నవ్వింది. ఇంటికి రాగానే అక్క తలమీద కొంగు కప్పి, కళ్లకు పాత నల్లద్దాలు పెట్టి, వంటింటి గోడ ముందు కూర్చోబెట్టి ఫోన్ తెరిచింది. అలా పుట్టింది "రౌడీగారి అమ్మ".

"మా వాడు పొద్దున్నే టిఫిన్ తిని డ్యూటీకని వెళ్లాడండీ," అని మొదలుపెట్టేది ఆ తల్లి. "విలన్‌గారి దగ్గర మూడేళ్ల సర్వీసు. ఎదురుగా ఎవరో పొడుగాటి అబ్బాయి నడిచొస్తున్నాడట. ఆకు కదలడం లేదు, ఆయనగారి చొక్కా మాత్రం రెపరెపలాడుతోందట. మా వాడికి అక్కడే అనుమానం రావాలా వద్దా? రాలేదు. గాల్లోకి లేచాడు. ఇంటర్వెల్లో నేను కాఫీ తాగొచ్చేసరికి కూడా కిందకి దిగలేదు. కథేమిటని అడుగుతున్నారా? అది కూడా వాడితోపాటే పైకి పోయినట్టుంది బాబూ."

జనం పడి పడి నవ్వారు. కొత్త సినిమా ఏది చతికిలపడినా రౌడీగారి అమ్మ ఏమంటుందోనని ఎదురుచూసేవారు. ఆవిడెవరో తెలిసింది అక్కచెల్లెళ్లిద్దరికే.

ఆ ఏడాది మొత్తానికీ పెద్దదనుకున్న సినిమా వచ్చింది. మూడున్నర గంటలు సాగి జనాన్ని నీరసపెట్టి వెళ్లింది. ఈసారి వీడియోలో ఏదైనా కొత్తగా ఉండాలనుకుంది అక్క. క్లినిక్ బీరువాలో, ఎవరూ వచ్చి తీసుకోని ఎక్స్‌రేలు దొంతరగా పడి ఉన్నాయి. అందులోంచి ఒకటి లాగి, పేరున్న మూల కత్తిరించి, ఇంటికి తెచ్చింది.

"ఇదిగోండి మా వాడి భుజం," అంటూ దాన్ని దీపానికి ఎదురుగా పట్టుకుంది. "ప్లేటు, ఆరు మరలు, అందులో ఒకటి వంకర. హీరోగారు తుమ్మితేనే ఇంత జరిగింది. కోపం వచ్చుంటే నాకు ఎముకలు సంచీలో ఇచ్చేవాళ్లు."

ఆవిడ చేసిన వాటిల్లో ఎక్కువమంది చూసింది అదే.

వారం తిరక్కుండానే క్లినిక్‌కి ఒక మనిషి వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. ఎద్దు మెడ, మణికట్టు దాకా చేతులున్న చొక్కా. మణికట్టు నొప్పి అన్నాడు. ఫిల్ము తీస్తే ఏమీ లేదు. అతని చూపు యంత్రం మీద లేదు. బీరువా మీద తిరిగి ఆవిడ మొహం మీదకి వచ్చింది.

"సినిమాలు చూస్తారాండీ?" అని అడిగాడు.

"తీరికెక్కడిది?" అంది అక్క. బీరువా తలుపు దగ్గరగా వేసింది.

రెండు రోజుల తర్వాత మోకాలు నొప్పంటూ మళ్లీ వచ్చాడు. మోకాలు నిక్షేపంగా ఉంది. ఇక ఆవిడకు సందేహం లేకపోయింది. సినిమావాళ్లు పంపిన మనిషే. మరి క్లినిక్ సంగతి వాళ్లకెవరు చెప్పారు? తెలిసిన మనిషి ఒక్కతే. ఆ చెల్లెలు ఈమధ్య ఫోన్ మోగితే చాలు బాల్కనీలోకి పోయి గుసగుసలాడుతోంది. ఎవరంటే "రాంగ్ నంబర్" అంటోంది. రాంగ్ నంబరుతో పావుగంట మాట్లాడేవాళ్లని అక్క ఎక్కడా చూడలేదు. చెల్లెలి ముందు నోరు విప్పడం మానేసింది. అన్నం పెట్టి, పక్క గదిలో కూర్చుని తను తినేది.

మూడోసారి ఆ మనిషి చీలమండతో వచ్చాడు. ఆవిడ తలుపు మూసింది.

"మీ చీలమండకేం కాలేదు. మొన్నటి మోకాలికీ ఏం కాలేదు. మిమ్మల్ని ఎవరు పంపారు?"

"అది తర్వాత చెప్తాను," అన్నాడతను మెల్లిగా. "నా భుజం మీ చేతికెలా వచ్చిందో ముందు మీరు చెప్పండి."

కాలరు పక్కకి లాగాడు. మెడ కింద నుంచి జానెడు కుట్ల మచ్చ.

"ఆ వంకర మర నాది. డాక్టరుగారు లైటు మీద పెట్టి చూపిస్తున్నప్పుడు ఫొటో తీసుకున్నాను. ఆర్నెల్లు మంచంమీద అదే చూస్తూ పడుకున్నాను. నాకు తెలీదా?"

ఆవిడ ఆ మచ్చ దగ్గరికి వంగి చూసింది. అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ల కిందట వచ్చి మెట్ల మీద జారానన్నవాడు. ఆవేళ నమ్మలేదు కూడా.

"సినిమాల్లో ఫైటర్నండీ. హీరోలు కొడితే పడేవాణ్ని. దెబ్బ తగిలిందని తెలిస్తే మళ్లీ పిలవరు. అందుకే మెట్లన్నాను. మొన్న మా ఫైట్ మాస్టరు మీ వీడియో అందరికీ చూపించి, ఈ భుజం మనవాళ్లలో ఎవడిదిరా అని నవ్వాడు. నాకు చెమటలు పట్టాయి. మీరు కావాలనే నన్ను బయటపెడుతున్నారేమో అనుకున్నాను. అసలు ఆ గొంతు మీదో కాదో తేల్చుకుందామని మూడుసార్లు వచ్చాను."

"నాకు తెలియదు బాబూ," అంది అక్క. "తెలియకపోయినా అది తియ్యాల్సింది కాదు. తప్పు నాదే," అని అక్కడికక్కడే చెల్లెలికి ఫోన్ చేసింది. "ఆ భుజం వీడియో తీసెయ్. ఇప్పుడే. ఎందుకో తర్వాత చెప్తాను."

మధ్యాహ్నం డాక్టరుకి అంతా చెప్పింది. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "ఆ గొంతు ఎక్కడో విన్నట్టుందని మా ఆవిడ అంటూనే ఉంది," అన్నాడు. తర్వాత చెయ్యి చాపి ఆవిడ దగ్గర్నుంచి బీరువా తాళంచెవి తీసుకున్నాడు. "ఇంకోసారి ఇలాంటిది జరిగితే ఈ గదిలో నువ్వుండవు." ఆవిడ తలూపింది.

చెల్లెలితో వ్యవహారం అంత తేలిగ్గా తెగలేదు.

"నన్ను అనుమానించావన్నమాట. వారం రోజులు."

"మరి ఆ ఫోన్లు?"

"కారు నేర్చుకుంటున్నాను. నేర్పే ఆవిడ ఫోన్లు అవి. నీకు చెప్తే ఊళ్లో విరిగిన ఎముకలన్నీ తెచ్చి చూపిస్తావని చెప్పలేదు." ఆ మాటంటూ చెల్లెలు ఏడ్చేసింది. నెల్లాళ్లు వీడియోకి ఫోన్ పట్టుకోనంది. పట్టుకోలేదు కూడా.

ఆ నెలలో ఒకరోజు ఫైటర్ మళ్లీ వచ్చాడు. ఈసారి ఎక్కడా నొప్పి లేదని ముందే చెప్పాడు.

"మా అమ్మ మిమ్మల్ని చూస్తానంటోంది. మీ వీడియోలన్నీ చూస్తుంది, నవ్వదు. నేనే మీకు చెప్పి చేయిస్తున్నానని అనుమానం ఆవిడకి."

"మెట్ల సంగతి నమ్మలేదా?"

"ఒక్క రోజు కూడా నమ్మలేదట."

అక్క వాళ్లింటికి వెళితే, బట్టలు ఇస్త్రీ చేసే బల్ల పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది ఆ తల్లి. సన్నగా, పొట్టిగా ఉంది. చేతిలో పని ఆపకుండా ఎక్స్‌రే అక్కను పైకీ కిందకీ చూసింది.

"మావాడు గాల్లోకి లేస్తాడని నవ్విస్తావు కదమ్మా. లేవడానికి తాడుంటుందట. నడుముకి కట్టి లాగుతారట. పడేటప్పుడు ఆ తాడు సాయం రాదట. ఈ సంగతి నాకు మొన్ననే చెప్పాడు. నీకు తెలుసా?"

"తెలియదండీ."

"అయితే అది చెప్పు. నవ్విస్తూనే చెప్పు. మావాడి పేరు మాత్రం తేకు."

చెల్లెలు అలక తీరి ఫోన్ పట్టుకున్నాక చేసిన మొదటి వీడియోలో రౌడీగారి అమ్మ ఆ తాడు సంగతి చెప్పింది. మునుపటంత మంది చూడలేదు. ఏదో పాఠం చెప్తున్నట్టుందని కొందరు విసుక్కున్నారు. అక్క వాటిని పట్టించుకోలేదు. పక్కన చెల్లెలి ఫోన్ మోగింది. ఈసారి చెల్లెలు బాల్కనీలోకి పోకుండా అక్క ఎదురుగానే మాట్లాడి, "రేపు పొద్దున రివర్సు నేర్పుతారట, వెనక సీట్లో కూర్చుంటావా?" అని అడిగింది. అక్క ముందు బెల్టు ఉందో లేదో కనుక్కోమంది.