పదకొండు పటాల వెనక

ఆ రోజు మధ్యాహ్నం భోజనాల వేళకు వడ్రంగి నలభై ఆరు పటాలు గోడకెక్కించాడు. మిగిలిన పదకొండూ గది మధ్యలో దుప్పటి మీద బోర్లించి ఉన్నాయి. వాటికి సంతకాల్లేవు.

మ్యూజియంలో అతన్ని అందరూ రసమట్టం అంటారు, వాలు చూసే పనిముట్టు పేరు పెట్టి. గోడ మీద పటం నూలుపోగంత వాలినా దారినపోతూ టక్కున ఆగిపోతాడు. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగంలో అతను పటాల అంచులు చూసినంతగా బొమ్మలు చూడలేదు. ఎత్తెంత, బరువెంత, కొక్కెం ఆగుతుందా ఆగదా, అంతవరకే. ఇంట్లో మాత్రం గోడ గడియారం ఏడాదిగా పక్కకు ఒరిగే తిరుగుతోంది.

ఈసారి ప్రదర్శన ఒక చిత్రకార దంపతులది. ఒకే గదిలో నలభై ఒక్క ఏళ్ళు పక్కపక్కన కూర్చుని బొమ్మలు వేశారు. భర్త పోయి మూడేళ్ళయింది. ఎడమ గోడ ఆయనకు, కుడి గోడ ఆవిడకు కేటాయించారు. సంతకాలున్న నలభై ఆరూ వేరే మ్యూజియంల నుంచి వచ్చాయి. వాటి వెనక అట్ట బిగించి సీలు వేశారు, విప్పడానికి వీల్లేదు. సంతకాల్లేని పదకొండు మాత్రం నేరుగా వాళ్ళింటి నుంచి, పాత దుప్పట్లలో చుట్టి తెచ్చినవి. వాటి వీపులు బట్టబయలు.

ఏది ఎవరిదో ఆవిణ్ణే అడుగుదామంటే కంటి ఆపరేషనైంది. కట్టు విప్పేది ప్రారంభానికి ముందురోజు. పేర్ల అట్టలేమో ఈ వారమే అచ్చుకు వెళ్ళాలి. క్యూరేటరమ్మకు ఇది సొంతంగా చేస్తున్న మొదటి ప్రదర్శన. పిలిపించిన నిపుణుడు రెండు గంటలు చూసి, రెండు టీలు తాగి, "ఒకే కిటికీ, ఒకే కుర్చీ, ఒకే పసుపు. దేవుడే చెప్పాలి" అని వెళ్ళిపోయాడు.

"మీరేమంటారు?" అంది ఆమె నేల మీద చతికిలబడి.

రసమట్టం వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. "నన్నా మేడమ్?"

"గోడనైతే కాదు."

"బొమ్మల సంగతి నాకు తెలీదు మేడమ్. మేకుల సంగతి అడిగితే చెప్తాను." అతను ఒక పటం ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాన్వాసు గుడ్డను చెక్క చట్రానికి లాగి బిగించిన చిన్న మేకుల వరుస మీద వేలు నడిపించాడు. "చూడండి, ఈ తలలన్నీ ఇటు ఒరిగాయి. ఇది ఎడంచేత్తో కొట్టిన సుత్తి. ఆ పక్కదానికి అటు ఒరిగాయి. అది కుడిచెయ్యి. పెద్దాయనది ఏ చేతి వాటం?"

ఆమె గబగబా ఒక ఫొటో తీసింది. అందులో ఆయన కుంచె ఎడంచేత్తో పట్టుకుని ఉన్నాడు. పక్కనున్న ఆవిడ కుంచె కుడిచేతిలో ఉంది.

"అయితే ఈ ఆరూ ఆయనవి. ఆ ఐదూ ఆవిడవి."

అతని మాట మీదే అట్టలు అచ్చుకు వెళ్ళాయి. ఎవరి గోడ మీదకు వాళ్ళ పటాలెక్కాయి. ఆ సాయంత్రం ఇంటికొచ్చి కుట్టుమిషన్ దగ్గరున్న భార్యతో సంగతంతా చెప్పాడు.

"ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అంటే ఇదే. గడియారం సంగతి ఎప్పుడు మరి?" అంది ఆవిడ. అంతలోనే మిషన్ ఆపి అడిగింది. "పొరపాటైతే?"

"మేకు అబద్ధం చెప్పదే."

"మేకు నోరిప్పదయ్యా. మాట్లాడింది నువ్వు. రేపు తేడా వస్తే ఆ అమ్మాయి మొదటి పని మీద మచ్చ పడేది నీవల్ల."



ప్రారంభానికి ముందురోజు మూడింటికి చిత్రకారిణి వచ్చింది. ఎనభై దాటిన మనిషి. నల్ల కళ్ళద్దాలు, చేతికర్ర. కుడి గోడ వెంబడి నెమ్మదిగా నడిచి, సంతకాల్లేని మొదటి పటం ముందు ఆగింది. తడిబట్టలు ఆరేసిన కుర్చీ, దాని మీద పడిన ఉదయపు ఎండ. అట్ట దగ్గరకు మొహం పెట్టి చదివి, నవ్వడం మొదలుపెట్టింది.

"ఇది నాదని ఎవరన్నారు?"

క్యూరేటరమ్మ మొహం పాలిపోయింది. నోరు తెరిచేలోపే నిచ్చెన దగ్గర్నుంచి రసమట్టం ముందుకొచ్చాడు. "నేనన్నానమ్మా. మేడమ్ తప్పేం లేదు. మేకులు చూసి చెప్పాను."

"మిగతావి చూపించు."

పదకొండూ చూసింది. ఆయన గోడ మీద ఉన్న ఆరూ తనవి. తన గోడ మీద ఉన్న ఐదూ ఆయనవి. ఒక్కటీ సరిగ్గా లేదు.

"ఒక్కటైనా తగలలేదంటే మామూలు విషయం కాదయ్యా," అంది కుర్చీలో కూర్చుంటూ. "నీ చూపు మంచిదే. ఎడంచేత్తో కొట్టిన మేకులు ఆయనవే. కానీ ఆయన కొట్టింది నా కాన్వాసుకి."

రసమట్టానికి అర్థం కాలేదు.

"పెళ్ళైన ఏడాది నేను బిగించుకున్న గుడ్డ ముసలమ్మ బుగ్గలా వేలాడింది. చూడలేక మొత్తం పీకి తనే బిగించాడు. నాకు ఒళ్ళు మండింది. మర్నాడు ఆయనది పీకి నేను బిగించాను. పంతానికి మొదలెట్టాం. మానేద్దామని ఇద్దర్లో ఎవరూ అనలేదు. అది దింపు."

ఆవిడ చూపించిన చిన్న పటాన్ని అతను దింపి వెనక్కి తిప్పాడు. ముప్ఫై మేకులు చాలే చట్రానికి అటూ ఇటూ సందు లేకుండా కొట్టారు. లెక్కపెట్టాడు. తొంభై ఆరు.

"చేతకాని పని అనుకున్నాను," అన్నాడు.

"కోపం అది. ఇది వేసిన ఏడాది ఎనిమిది నెలలు మాట్లాడుకోలేదు. ఎందుకో ఇప్పుడు గుర్తు కూడా లేదు. కానీ పొద్దున్నే లేచేసరికి నా బల్ల మీద బిగించిన కాన్వాసు ఉండేది. ఆయన బల్ల మీద నేను పెట్టింది ఉండేది. అటూ ఇటూ ఒక్క మాట లేదు, టకటకా మేకులే."

రసమట్టం పటాన్ని ముందుకు తిప్పాడు. కిటికీ. దాని అవతల ఏమీ లేదు, ఒట్టి పసుపు వెలుతురు. మళ్ళీ వెనక్కి తిప్పాడు. ఒకరు పళ్ళు కొరుకుతూ బిగించిన దాని మీద ఇంకొకరు ఈ వెలుతురు వేశారు. గుడ్డ మీద చిటికెన వేలితో తట్టాడు. ఇన్నేళ్ళకీ డప్పులా పలికింది.  గోడల మీదున్న నలభై ఆరింటినీ చూశాడు. సీలు వేసిన ఆ అట్టల వెనక కూడా ఇదే ఉంటుంది. గుడికి వచ్చినవాడిలా చెప్పులు విప్పాలనిపించింది.

"మేడమ్," అన్నాడు చివరికి, "బిగించినవాళ్ళ పేరు కూడా అట్ట మీద వెయ్యకూడదా?"

"అలాంటి పద్ధతి ఎక్కడా లేదండీ," అంది క్యూరేటరమ్మ. ఇంకా తేరుకోలేదు.

"ఎక్కడా లేకపోతే ఇక్కడ పెట్టమ్మా," అంది పెద్దావిడ. "ఆయన మేకుల్ని ఇన్నాళ్ళకి చదివినవాడు ఒకడు దొరికాడు. తిరగేసి చదివాడనుకో, అయినా చదివాడు."

ఆ సాయంత్రం పదకొండు పటాలూ గోడలు మారాయి. అచ్చుకు వ్యవధి లేదు కాబట్టి కొత్త అట్టలు క్యూరేటరమ్మ చేత్తోనే రాసింది. ఒక్కో దాని మీద రెండు పేర్లు, గీసినవారిదీ బిగించినవారిదీ. రసమట్టం తెల్లారి పొద్దెక్కేదాకా ఒక్కొక్కటే అంటించుకుంటూ పోయాడు.

మర్నాడు పదింటికి తలుపులు తీశారు. పదకొండో అట్టకి జిగురు అప్పటికింకా ఆరలేదు.